నా సవతి మీది సీతాకోకచిలుకలు

మా ఇంటికి వచ్చే పిల్లలు పెరట్లో తిరిగే ఆ నారింజరంగు సీతాకోకచిలుకను చూపించి "దీని పేరేందవ్వా?" అని అడిగితే "మా సవతి కూతురు" అంటాను. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. పెద్దవాళ్లు మా ఆయన వైపు అదోలా చూస్తారు. ఆయన తల వంచుకుని అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ ఉంటాడు. నేను చెప్పింది అబద్ధం కాదని ఆయనకు తెలుసు.

ముందు కూతురి సంగతి చెప్పి, తర్వాత సవతి దగ్గరికి వస్తాను. సవతికి తొందర లేదు, వేళ్లున్న మనిషి.

రాయలసీమలో పుట్టి ఈ సీతాకోకచిలుకను చూడలేదని ఎవరైనా అంటే, వాళ్లు కళ్లు ఇంట్లో పెట్టి బయట తిరిగారని నేను అనుకుంటాను. రెక్కలు విప్పితే నా చూపుడువేలి పొడవంత వెడల్పు. పసుపులో చిటికెడు సున్నం వేసి, బాగా ఎరుపు తిరగకముందే కలపడం ఆపేస్తే ఏ రంగు వస్తుందో ఆ రంగు. ముందు రెక్కల కొసలు నలుపు. ఆ నలుపుకు అడ్డంగా ఏటవాలుగా ఒక తెల్లని పట్టీ. వెనుక రెక్కల చుట్టూ నల్లంచు, అంచులో సన్నని తెల్ల చుక్కలు. వెనుక రెక్క నడిమధ్యన మూడు నల్ల బొట్లు ఉంటాయి. మగదానికి ఇంకో బొట్టు ఎక్కువ, అదీ కాస్త లావుగా. మగవాళ్లకు ఎక్కడైనా ఒకటి ఎక్కువే పెడతాడు దేవుడు. తల, రొమ్ము మాత్రం కటిక నలుపు, నువ్వుల్లో బియ్యపు నూక రాలినట్టు తెల్ల చుక్కలు.

నడక కూడా చెప్పాలి. మిగిలిన సీతాకోకచిలుకలు అప్పులవాడు తరిమినట్టు ఎగురుతాయి. ఇది అలా కాదు. నేలకు బారెడెత్తులో, సంతలో కొనే పనీ అమ్మే పనీ లేని మనిషిలా, ఆగి ఆగి పోతుంది. కాకికీ భయపడదు, కోడికీ భయపడదు. జిల్లేడు ఆకు తిని పెరిగిన ఒళ్లు కదా, ఒంటినిండా చేదు విషమే. తెలియక నోట పెట్టుకున్న కోడి దాన్ని ఉమ్మేసి, ముక్కును నేలకు రుద్దుకోవడం నా కళ్లతో చూశాను.

ఇదే వేషం వేసుకుని తిరిగే దొంగది ఇంకోటి ఉంది. అదే రంగు, అదే నల్లంచు, అదే సోమరి నడక. కానీ వెనుక రెక్కల మధ్యన ఆ మూడు బొట్లు ఉండవు. దాని పురుగు పెరిగేది జిల్లేడు మీద కాదు, మనం పప్పులో వేసుకునే గంగపాయల కూర మీద. విషం ఏమీ లేకపోయినా విషం ఉన్నదాని చీర కట్టుకుని బతికేస్తుంది. ఆ వేషం ఆడది మాత్రమే వేస్తుంది. దాని మొగుడు నల్లగా, రెక్కకో పెద్ద తెల్ల బొట్టుతో, తన దోవన తాను తిరుగుతుంటాడు. కాబట్టి ఎప్పుడైనా అనుమానం వస్తే బొట్లు చూడండి. అసలుదాన్ని ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారట. అందులో పులి ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక సవతి.

మా ఊరు కుందేటి ఒడ్డున, నల్లరేగడి నేల. ఇది రెండో యుద్ధానికి కొన్నేళ్ల ముందటి మాట. అప్పటికి నాకు ఇరవై దాటింది. మా ఊళ్లో ఆ వయసు ఆడది చంకలో ఒకటి, చేత ఒకటి పెట్టుకుని కనిపించాలి. నేను మాత్రం కడపలో టీచరు ట్రెయినింగు చదువుకుని వచ్చి, ఊరి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఉన్నాను. మా నాన్న కూడా అయ్యవారే. ఆయనకు నన్ను చదివించిన సంతోషంలో పెళ్లి సంగతి గుర్తు రాలేదు.

నాకు గుర్తుంది. ఎవరిని చేసుకోవాలో కూడా గుర్తుంది. మా అమ్మ తమ్ముడు, మా మామ. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వ్యవసాయశాఖలో ఉద్యోగం. సైకిలు మీద ఊరూరూ తిరిగి, పత్తికి పట్టే పురుగు ఇది, జొన్నకు పట్టే పురుగు ఇది, దీన్ని ఇలా చంపాలి, దాన్ని అలా చంపాలి అని రైతులకు చెప్పడం ఆయన పని. ఊళ్లో ఆయనను పురుగుల సారు అనేవారు. నా చిన్నతనంలో ఆయన దగ్గర ఒక భూతద్దం ఉండేది. అడిగితే ఇచ్చేవాడు. ఆడపిల్లకు ఇదెందుకు అని అడగని మగవాణ్ని నేను ఆయనొక్కణ్నే చూశాను. అంతకంటే పెద్ద కారణం నాకు అక్కరలేదు.

కానీ మామకు అప్పటికే రెండు పెళ్లిళ్లు అయ్యాయి. మొదటి ఆమె కాన్పులో పోయింది, బిడ్డతో సహా. రెండో ఆమె వాంతిభేదికి పోయింది. ఇద్దరూ కాపురానికి వచ్చి రెండేళ్లు నిండకుండానే పోయారు. దాంతో ఊళ్లో ఆయన కంటే ముందు ఆయన పేరు నడిచేది, ఇద్దరు పెండ్లాలను మింగినోడని. నేను ఎవరి గొంతులోనైనా సులువుగా దిగే రకం కాదని మా అమ్మకు తెలుసు గనుక ఆమె భయపడలేదు. భయపడింది మా అవ్వ. మామను కన్న తల్లి, నాకు కాబోయే అత్త.

మూడో పెళ్లి అచ్చిరాదని మనవాళ్లకు గట్టి నమ్మకం. దానికి విరుగుడు కూడా వాళ్లే కనిపెట్టారు. మూడో పెళ్లి జిల్లేడు చెట్టుతో చేస్తారు. గండం ఏదైనా ఉంటే అది జిల్లేడుకు తగులుతుంది. తర్వాత వచ్చే ఆడది లెక్కకు నాలుగోది, ఆమె నూరేళ్లు చల్లగా ఉంటుంది. అవ్వ ఇంటికి తూర్పున, గడ్డివాము దాటాక, ఒక జిల్లేడు పొద ఉండేది. ఒక ఆదివారం పొద్దున దానికి పసుపు నీళ్లు పోసి, కొత్త రవికెగుడ్డ చుట్టి, బొట్టు పెట్టి, మామ చేత పసుపుతాడు కట్టించారు. జిల్లేడు సూర్యుడి బిడ్డ అని పురోహితుడు గోత్రం కూడా చదివాడు. కన్యాదానం చేయడానికి ఎవరో ఒకరు కావాలి కదా, మా నాన్న పీట మీద కూర్చున్నాడు. ఆ రకంగా ఆ జిల్లేడు నాకు సవతే కాదు, అక్క కూడా.

నన్ను ఆ చుట్టుపక్కలకు రానివ్వలేదు. నేను మా మిద్దె పిట్టగోడ మీద నుంచి చూశాను. మామ బాసికం కట్టుకుని పొద పక్కన నిలబడి ఉంటే, ఒక జిల్లేడు కాయ పగిలి దూది ఆయన మీసం మీద వాలింది. నాకు నవ్వు ఆగలేదు. అంత దూరం నుంచి కూడా ఆయన తల ఎత్తి చూశాడు.

మా అవ్వ ఇంట్లో దీనికి తోడు ఇంకో నియమం ఉండేది. అందరి ఇళ్లలో ఉంటుందో లేదో నాకు తెలియదు. పెళ్లయిన జిల్లేడును నరికేయాలి. అది పూర్తిగా ఎండిపోవాలి. ఎండితేనే మూడో పెండ్లాం పోయినట్టు. అది పోనిదే నాలుగో పెళ్లికి ముహూర్తం పెట్టకూడదు.

అవ్వ జీతగాని చేత పొదను మొదలంటా కొట్టించింది. ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుంది, అహోబిలం నరసింహుడికి ముడుపు కట్టింది. పక్షం తిరిగేసరికి నరికిన మోడు చుట్టూ లేత చిగుళ్లు, ముందు కంటే గుబురుగా వచ్చాయి. మళ్లీ కొట్టించింది. మళ్లీ వచ్చాయి. ఈసారి కాగే నీళ్లు పోయించింది. ఒక వారం నల్లబడి, తర్వాత పక్క నుంచి బొటనవేలంత పిలక లేచింది. పనికిరాని మొక్కలను ఎలా తీసేయాలో జిల్లా అంతా తిరిగి చెప్పే మామ, తన సొంత పెండ్లాన్ని వదిలించుకోలేక చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టు ఉంది మా పురుగుల సారు వ్యవహారం. రెండుసార్లు అనుకున్న ముహూర్తం రెండుసార్లూ వాయిదా పడింది.

కాబోయే పెళ్లికూతురు సవతి మొహం చూడకూడదని అవ్వ ఆంక్ష. కానీ నేను బడికి పోయే దోవ అదే. పైగా మా బడిలో ప్రకృతి పాఠం అని ఒకటి ఉండేది. ఆ పుస్తకంలో సీతాకోకచిలుక క్యాబేజీ మీద గుడ్లు పెడుతుందని రాసి ఉంది. మా పిల్లలకు క్యాబేజీ అంటే ఏమిటో తెలియదు, నేనూ చూసింది లేదు. అందుకని ఒక పొద్దున పిల్లలను వరసగా నడిపించుకుని సవతి దగ్గరికి పోయాను. పాఠం చెప్పడానికని అందరికీ చెప్పాను. నా పెళ్లిని ఆపుతున్న మనిషిని దగ్గరగా చూడాలని నాకు ఉండింది.

లేత చిగుళ్ల మీద అప్పుడే ఆ సీతాకోకచిలుక వాలి ఉంది. పొట్ట కొసను వంచి, ఆకు అడుగున గసగసంత తెల్ల గుడ్డు ఒకటి పెట్టింది. ఒక ఆకుకు ఒకటే. ఇంకో ఆకు మీద అప్పటికే పురుగు ఉంది. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, గాజులు వరసగా తొడిగిన చేయిలా నున్నగా ఉంది. ఒంటి మీద మూడు చోట్ల జతలు జతలుగా మెత్తని నల్ల కొమ్ములు. అది ఆకును ఎలా తింటుందో చూసి నేను అక్కడే కూలబడ్డాను. జిల్లేడు ఆకు తుంచితే పాలు కారతాయి కదా, ఆ పాలలో పురుగు నోరు అంటుకుపోవాలి. ఇది ముందు ఆకు నడిమి ఈనెను కాస్త కొరికి, పాలన్నీ అక్కడ కారిపోనిచ్చి, ఆ తర్వాత పాలు రాని కొసకు పోయి తీరిగ్గా తింటుంది. ఇంత తెలివి దానికి ఎవరు నేర్పారో!

ఒక పిల్ల సీతాకోకచిలుకను రెక్కలు పట్టి లాగింది. అది ఆ పిల్ల అరచేతిలో కాళ్లు ముడుచుకుని, కొయ్యబారి, అడ్డంగా పడిపోయింది. పిల్ల బావురుమంది. "సంపేస్తినమ్మా, నేను సంపేస్తిని!" అని ఏడుస్తుంటే, ఆ చచ్చినది లేచి రెక్కలు విదిలించుకుని తన దోవన తాను పోయింది. పట్టుకుంటే చచ్చినట్టు పడి ఉండటం దాని విద్య. ఆ రోజు పిల్లలు దాన్ని పదిసార్లు చంపి పదిసార్లు బతికించారు.

నాకు తట్టిన ఆలోచన మాత్రం వేరే. ఒక్క పురుగు ఒక ఆకును పూటలో పూర్తి చేస్తోంది. మరి ఇరవై పురుగులు ఉంటే? నరికితే చావనిది, నీళ్లు పోస్తే చావనిది, తింటే చావదా? మర్నాడు నుంచి మా బడి పిల్లలకు ఒకటే పని. ఊరి చుట్టూ ఉన్న జిల్లేళ్ల మీద పట్టీల పురుగులు ఏరుకొచ్చి నా సవతి మీద వేయడం. ప్రకృతి పాఠం అంత శ్రద్ధగా ఏ బడిలోనూ జరిగి ఉండదు. ఇద్దరు ఆకతాయి పిల్లలు పట్టీల పురుగులకు బదులు వేరుశనక్కాయ చేలల్లో ఉండే ఎర్ర కంబళిపురుగులను గంపలో తెచ్చారు. వెంట్రుకలున్నవి వద్దు, నున్నగా ఉండి కొమ్ములున్నవే కావాలని తిట్టి, తేడా చూపించి, వాటిని వెనక్కి పంపాను.

మూడో రోజు అవ్వ నన్ను పట్టుకుంది. గడ్డివాము పక్క నుంచి వచ్చి నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఏమ్మే, సవితి మొగం సూడగూడదని జెప్తి గదా? ఈడేం జేస్తాండావు?"

"పురుగులేస్తాండా అవ్వా."

"యాలా?"

"ఆకంతా తింటాయి. తింటే ఎండిపోతాది గదా."

అవ్వ వంగి పొదను చూసింది. చిగురు మీద చిగురు, దాని మీద పురుగు. కరకరమని తినేస్తున్నాయి. ఆమె మొహంలో కోపం పోయి, పండక్కి బొబ్బట్లు లెక్క చూసుకునే ఆడదాని తీరు వచ్చింది. "ఇంతేనా? ఇంగ లేవా?" అంది. ఆ మధ్యాహ్నం అవ్వ తానే మూకుడు పట్టుకుని కాలువ గట్టుకు పోయి పురుగులు ఏరుకొచ్చింది. ముల్లును ముల్లుతోనే తీయాలి, మూడో పెండ్లాన్ని పురుగుతోనే తీయాలి అని దోవ పొడవునా అందరికీ చెప్పిందట.

వారం తిరిగేలోగా పొద మీద ఆకన్నది లేదు. పచ్చి బెరడు కూడా గీరి తిన్నాయి. అవ్వ పురోహితుణ్ని పిలిపించాలని చూస్తోంది. మా అమ్మ చీరలకు ప్రొద్దుటూరు మనిషిని పంపింది. నేను బడిలో ఎక్కాలు చెప్పిస్తూ, రెండో ఎక్కాన్ని రెండుసార్లు చెప్పించానట. పురుగులు మాత్రం కడుపు నిండాక తమ దోవ చూసుకున్నాయి. పొద దిగి, గడ్డివాము కింద, నాపరాతి గోడ సందుల్లో, అవ్వ ఇంటి చూరు కింద తలకిందులుగా వేలాడి గూళ్లు కట్టుకున్నాయి. ఆ గూడు కూడా చూడవలసిందే. లేత ఆకుపచ్చ, కొన్ని లేత గులాబీ, చిన్న గంట ఆకారం. నడుము చుట్టూ నల్లని గీత, దాని వెంట మెరిసే బంగారు చుక్కలు. కంసాలి చేసి తగిలించాడంటే నమ్మాలి. ఆ బంగారాన్ని చూస్తూ పొద సంగతి మరిచిపోయాను.

పొద మరవలేదు. తినేవాళ్లు వెళ్లిపోయాక, దానికి మళ్లీ చిగురు వచ్చింది.

ఆ సాయంత్రం మామ బడి దగ్గరికి వచ్చాడు. పిల్లలు వెళ్లిపోయారు. సైకిలు గోడకు ఆనించి, లోపలికి రాకుండా గడప బయట నిలబడ్డాడు.

"పాపా, ఈ పెండ్లి వొద్దు" అన్నాడు.

"జిల్లేడు ఎండలేదనా?"

"నాకు అట్లాంటియ్యి నమ్మకం లేదు."

"మరి?"

"నమ్మకం లేదు. కానీ పొద్దన లేస్తూనే కాళ్లు ఆడికే పోతాండాయి. చిగురు జూస్తే గుండె దడదడ అంటాది." ఆయన సైకిలు గంటను వేలితో తుడుస్తూ ఆగాడు. "ఇద్దర్ని ఈ భుజం మీద మోసుకపోయినా. మూడోసారి మోసే శక్తి లేదు నాకు. నువ్వు యాడో ఒకసోట బతికుండు. నాకది సాలు."

ఆయన అలా వెళ్లిపోతుంటే నాకు ఏడుపు వచ్చింది, దానికి రెండింతలు కోపం వచ్చింది. నన్ను ఒక మాట అడగకుండా నన్ను బతికించడానికి ఈయనెవరు? ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయాను. మా అమ్మ ఏమైందని అడిగితే జిల్లేడును తిట్టాను, మామను తిట్టాను, ఆ ఇద్దరు చనిపోయినవాళ్లను కూడా తిట్టబోయి నోరు మూసుకున్నాను. వాళ్లు ఏం చేశారు పాపం.

తెల్లవారి పోట్లాటకు సిద్ధమై అవ్వ ఇంటికి పోయాను. అవ్వ అప్పటికే పొద దగ్గర ఉంది, చేతిలో గడ్డపార. వేరుతో సహా తవ్వేస్తానని నిలబడింది. మామ ఆమె చేతిలోని గడ్డపార తీసుకోవాలని చూస్తున్నాడు.

"పెండ్లే లేదంటాంటే ఇంగ దాన్ని తవ్వేదెందుకమ్మా?"

"పెండ్లి జరిగినా జరగకపోయినా ఇది నా కండ్ల ముందర ఉండగూడదు. నన్ను జూసి నవ్వుతాండాది ఇది!"

అప్పుడే ఆ సీతాకోకచిలుక వచ్చింది. ఎప్పటిలాగే ఆగి ఆగి, ఎవరి గొడవా పట్టనట్టు. ఇంత పొడవు లేచిన చిగురు మీద వాలి పొట్ట వంచింది. మళ్లీ గుడ్డా అని అవ్వకు ఒళ్లు మండింది. గడ్డపార వదిలేసి, ఒక్క ఊపున దాన్ని పట్టేసుకుంది.

పట్టుకుని చూసుకుంది. అరచేతిలో అది అడ్డంగా పడి ఉంది. కాళ్లు ముడుచుకుంది, రెక్కలు ఒకదాని మీద ఒకటి మూసుకుపోయాయి. పసుపు చీర, నల్లంచు. అవ్వ వేలితో తట్టింది. కదల్లేదు.

మా అవ్వ గట్టి మనిషి. ఇద్దరు కోడళ్లు పోయిన నాడు కూడా ఆమె ఏడవలేదని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ అవ్వ నేల మీద కూలబడింది.

"పాయె" అంది. "ఇదీ నా సేతిలోనే పాయె."

మామ గడ్డపారను ఆమెకు అందకుండా పక్కకు జరిపాడు.

"పెద్దది నా ఒళ్లోనే పాయె. నొప్పులకు తట్టుకోలేక నా సెయ్యి కొరికె. రెండోది నీళ్లు నీళ్లంటా నా ఒళ్లోనే పాయె. నేను ఎవురికి జెప్పుకోవాల? కొడుకును తిడతారు గానీ, సావు నా ఒళ్లో ఉండాది. ఈ పాపను నేనే ఎత్తి పెంచితి గదరా, దీన్ని గూడా తెచ్చి ఈ ఒళ్లోనే పండబెట్టాల్నా?"

ఆ మాట విన్నాక నా పోట్లాట ఎక్కడికి పోయిందో తెలియదు. జిల్లేడు ఎండాలని అవ్వ ఎందుకు అంత పట్టుపట్టిందో నాకు అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"అవ్వా, చెయ్యి మూయొద్దు. ఊరికే చూస్తా ఉండు."

"ఏం జూసేది? సచ్చిపాయె."

"చూడు."

కొంచెం సేపు ఏమీ జరగలేదు. నాకే అనుమానం వచ్చింది, ముసలామె పట్టు గట్టిది, నిజంగానే నలిగిందేమోనని. అంతలో దాని మీసం ఒకటి కదిలింది. తర్వాత కాలు. చచ్చినది లేచి అవ్వ అరచేతిలో నిలబడి, రెక్కలు ఒకసారి విప్పి మూసి, ఎగిరింది. పారిపోలేదు. మూరెడు దూరం పోయి మళ్లీ అదే చిగురు మీద వాలి, వదిలేసిన గుడ్డు పెట్టుకుంది.

అవ్వ దాన్ని చూసింది. తర్వాత పొదను చూసింది. చాలాసేపు పొదనే చూసింది.

"ఒరే" అంది మామతో, "దీన్ని ఎన్నిసార్లు నరికితిమిరా?"

ఆమే లెక్క చెప్పింది.

"నరికితిమి. కాగే నీళ్లు పోస్తిమి. పురుగులు ఏరుకొచ్చి మేపితిమి. అయినా నిగనిగలాడతాండాది." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "మనకేం పుట్టెరా? ఇన్నాళ్లూ ఈ ఇంటికి సావని పెండ్లాం రావల్లని ఎంతమంది దేవుళ్లకు మొక్కితి! వస్తే, దాని మీదికి గడ్డపార ఎత్తుకొస్తిమే!"

మామ నవ్వాడు. ఆయన గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు.

ఆ నెలలోనే మా పెళ్లి జరిగింది. పీటల మీదికి పోయేముందు అవ్వ నన్ను పొద దగ్గరికి తీసుకుపోయి పసుపు కుంకుమ పెట్టించింది. "అక్కకు మొక్కు. అది నరికితే చిగురేసిన ఆడది. దాని మొండితనం నీకు రావల్ల" అంది. ఆ మొండితనం నాకు ముందే ఉందని మా అమ్మ గొణిగింది. గడ్డపార ఆ తర్వాత పందిట్లో పొయ్యి తవ్వడానికి పనికొచ్చింది.

ఆ కథ అక్కడితో ముగిసిందని నేను అనుకున్నాను. మామ అనుకోలేదని ఏడాది తర్వాత తెలిసింది.

నాకు నెలలు నిండాయి. అవ్వ, మంత్రసాని తప్ప లోపల ఎవరూ లేరు. నొప్పులు తెల్లవారుజామున మొదలై పొద్దెక్కినా తెగలేదు. మధ్యలో తెలివి వచ్చినప్పుడల్లా "మామ యాడ?" అని అడిగాను. వాకిట్లో లేడన్నారు. నాకు నొప్పి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అవ్వ తన చేయి నా నోటి దగ్గర పెట్టి "కొరుక్కో" అంది. కొరకను పో అన్నాను. మొదటి ఆమె కొరికిన చేయి అదేనని నాకు తెలుసు.

పొద్దు నడినెత్తిన ఉండగా ఆడపిల్ల పుట్టింది. అది ఏడ్చింది, నేను ఏడ్చాను. అవ్వ చేతులు కడుక్కుని తూర్పు తలుపు తీసింది. మంచం మీద నుంచి నాకు తిన్నగా కనిపించింది. మామ జిల్లేడు పొద ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఆ ఏటి వానలకు వచ్చిన లేత చిగుళ్ల మీద పట్టీల పురుగులు గుంపుగా పట్టాయట. తెల్లవారుజాము నుంచి ఆయన ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్లతో తీసి, చంపకుండా, కాలువ గట్టు మీది జిల్లేళ్లకు మోసుకుపోయి వదిలి వస్తున్నాడు. జిల్లా అంతా పురుగులు చంపడం నేర్పే మనిషి, తన పొదకు ఒక్క చిగురూ తగ్గకుండా కాపలా కాశాడు. బిడ్డ ఏడుపు వినిపించినా తల తిప్పలేదు. తిప్పడానికి భయం.

అవ్వ గడపలో నిలబడి ఊరంతా వినేలా కేక పెట్టింది.

"ఒరే! మూడోది చిగురేసె, నాలుగోది కనె! ఇద్దరూ బాగుండారు! ఇంగ లేసి ఇంట్లోకి రారా!"

మామ వచ్చాడు. నా తలవైపు నిలబడి, నన్నే చూస్తూ, బిడ్డ కోసం రెండు చేతులూ చాపాడు. చేతులనిండా జిల్లేడు పాలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. పాలు బిడ్డ కంట్లో పడతాయి, పోయి కడుక్కుని రమ్మని పంపేశాను.